కుడితి గోలెం ఖాళీ అయ్యాక

(కోనసీమలోని ఒక పంచాయతీలో, చెత్త నుంచి సంపద కేంద్రం షెడ్డు దగ్గర జరిగిన డ్వాక్రా సంఘాల సమావేశంలో ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి. మైకు పక్కన పెట్టేయండి బాబూ, ముప్ఫై ఏళ్లు పిల్లల మీద అరిచిన గొంతు ఇది. వెనకాల కొబ్బరిచెట్టు కింద కూర్చున్న పిన్నిగారికి వినపడుతోందా? ఆయ్, అయితే సరే.

ముందు ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో ఇప్పటికీ కుడితి గోలెం ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఒకటి, రెండు... ఆ చివర ఒకరు. ఇంతమందిలో ముగ్గురు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు గోలెం లేని ఇల్లు లేదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, ఆనపకాయ చెక్కు, అరటికాయ తొక్క, పిల్లలు వదిలేసిన అన్నం, అన్నీ అందులోనే. సాయంత్రం గేదె మూతి ముంచిందంటే గోలెం అడుగు కనపడేదాకా తల ఎత్తేది కాదు. చేప పొలుసూ పేగులూ పిల్లికి, కోళ్లకి. పేడ పెంటకుప్పకి, పెంటకుప్ప దుక్కికి ముందు చేలోకి. మా అత్తగారికి 'తడి చెత్త' అని ఒక వస్తువు ఉంటుందని తెలియదండి. ఆవిడ వంటింట్లో ప్రతిదానికీ తినే నోరు ఒకటి సిద్ధంగా ఉండేది.

ఇప్పుడేమైంది? గేదెను అమ్మేశాం. పాలు ప్యాకెట్లో వస్తున్నాయి. పశువుల పాక ఉన్నచోట బండి పెట్టుకునే షెడ్డు వేశాం. నేనూ అమ్మేశాను, కాబట్టి ఎవరినీ అనడం లేదు. కానీ చెక్కు, తొక్క, అన్నం మెతుకు మాత్రం ఎక్కడికీ పోలేదు కదా. నోరు పోయింది, మేత మిగిలింది. ఆ మేతను పాలిథిన్ కవర్లో పెట్టి, మూతి ముడేసి, చీకటి పడ్డాక కాలవ గట్టుకి తీసుకెళ్తున్నాం. మీరు నవ్వుతున్నారు గానీ నేను చాలామందిని చూశాను, వాళ్లూ నన్ను చూశారు.

ఆ కాలవే వేసవిలో కట్టేసే ముందు మన మంచినీళ్ల చెరువు నింపుతుంది. అక్కడి నుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి మన బిందెలోకి. మనం పారేసింది ఎంత దూరం పోయిందనుకున్నా మళ్లీ మన గుమ్మంలోకే వస్తోంది. గుంట తీసి కప్పెడదామా అంటే మెరకసీమ కాదిది. వానాకాలంలో రెండు గడ్డపార్లు దించితే నీళ్లు ఊరతాయి. గుంట కాస్తా కుంటవుతుంది, చెత్త పైకి తేలుతుంది, దోమలు గుడ్లు పెడతాయి.

అందుకని నేను చెప్పేది కొత్త యంత్రం గురించి కాదు. పోయిన నోటికి బదులు ఇంకో నోరు గురించి. అది ఒక ఈగ పిల్ల. ముఖాలు చిట్లించకండి, అయిపోలేదు.

ఈగ అంటే మనకు తెలిసిన ఇంటి ఈగ కాదు. దీన్ని ఇంగ్లీషులో బ్లాక్ సోల్జర్ ఫ్లై అంటారు. మనం నల్ల సిపాయి ఈగ అనుకుందాం. శాస్త్రంలో దాని పేరు హెర్మీషియా ఇల్యూసెన్స్, 1758లో లిన్నేయస్ వర్ణించిన జీవి. పుట్టిల్లు అమెరికా ఖండాలు, మనుషుల సరుకులతోపాటు ప్రయాణాలు చేసి ఇప్పుడు వేడి దేశాలన్నిట్లోనూ కాపురం పెట్టింది. మన పెరట్లోనూ ఉంది. మీరు చూసే ఉంటారు, కందిరీగ అనుకుని చెయ్యి విదిలించి ఉంటారు. సన్నగా, నల్లగా, వేలి గణుపు కన్నా కాస్త చిన్నగా ఉంటుంది. కాళ్ల చివర తెల్లగా మేజోళ్లు తొడుక్కున్నట్టు ఉంటుంది. నడుము దగ్గర రెండు మచ్చలు, గాజు కిటికీల్లాగా వెలుతురు అవతలికి కనపడుతుంది. కొండి లేదు, కుట్టదు, కరవదు.

దీనిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పెద్దయ్యాక దీనికి తిండి ధ్యాస లేదండి. కాసిని నీళ్లు చాలు. పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వు మీదే వారం పది రోజులు బతికి, జత కట్టి, గుడ్లు పెట్టి పోతుంది. తిండి అక్కర్లేని ఈగకి మన అన్నం మీద వాలాల్సిన పనేముంది? ఇంటి ఈగ పేడ మీద వాలి అదే కాళ్లతో మీ పెరుగన్నం మీదికి వస్తుంది. జబ్బులు మోసేది ఆ రాకపోకల వల్లే. సిపాయి ఈగ ఇంట్లోకి రావడం అరుదు. ఎండపొడ, ఆకుల నీడ చూసుకుని బయటే ఉంటుంది.

గుడ్లు కూడా తడి తిండి మీద పెట్టదు. తిండి వాసన తగిలేంత దగ్గరలో, పొడిగా ఉండే సందు వెతుక్కుంటుంది. ఒక్కో ఈగ అయిదు వందలకు అటూఇటూ పెడుతుంది. నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, కంటికి ఆనవు. అక్కడి నుంచి రెండు వారాలు ఒకటే పని, తినడం. రెండు వారాలయ్యేసరికి ఒక్కోటి అంగుళం దాకా పెరుగుతుంది. తర్వాత ఉన్నట్టుండి తిండి మానేసి, పొట్ట ఖాళీ చేసుకుని, గోధుమరంగు నుంచి నల్లబడుతుంది. నోరు కాస్తా కొక్కెంలా మారిపోతుంది. ఆ కొక్కెంతో పాకుతూ ఆ తడిలోంచి పొడి చోటు వెతుక్కుంటూ బయటికి నడుస్తుంది. మనం ఏరక్కర్లేదు, జల్లెడ పట్టక్కర్లేదు. డ్రమ్ములో ఒక పక్కన ఏటవాలుగా గొట్టం పెట్టి, కింద బకెట్టు పెడితే, రాత్రికి రాత్రి అవే ఎక్కి అవే బకెట్లో పడతాయి. తెల్లారి కోళ్ల గంప తీసేసరికి మేత రెడీగా ఉంటుంది.

కళ్లతో చూసింది ఒకటి చెబుతాను. పోయిన వేసవిలో మనవలు వచ్చారు. చెరుకు రసాలు, కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్లు, రోజుకో బుట్ట అవగొట్టేవారు. తొక్కలూ టెంకలూ ఒక చేటెడు డ్రమ్ములో వేసి మూత పెట్టాను. రాత్రి పడుకునే ముందు మూతకి చెవి ఆనించాను. లోపల చిమచిమ, పెనం మీద అట్టు కాలుతున్నప్పుడు అంచులు చేసే చప్పుడు ఉంటుంది చూడండి, అలా. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, జ్వరం ఉన్న పిల్లాడి నుదురులా. పొద్దున మూత తీస్తే మామిడి తొక్కలు పలచటి కాగితాల్లా ఎండిపోయి ఉన్నాయి, గుజ్జు చుక్క లేదు. టెంకలు మాత్రం పీచుతో సహా అలాగే ఉన్నాయి. మా మనవడు, ఏడేళ్లవాడు, 'అమ్మమ్మా, టెంక నాకేసినట్టు నాకేశాయే' అన్నాడు. చీకినా టెంక టెంకే. గట్టి పీచు వీటికి అరగదు.

కాబట్టి ఏం వెయ్యాలో చెప్పేటప్పుడు ఏం వెయ్యకూడదో ముందు చెప్పుకుందాం, ఇక్కడే అందరూ పొరపడేది. కొబ్బరి డొక్కలు, చిప్పలు, అరటి బోదెలు, ఎండాకులు, ఎముకలు తినవు. అరిటాకు కూడా పెద్దగా తినవు. ఆవకాయ అడుగు, ఉప్పుచేప తలలు లాంటి ఉప్పు సరుకు కుమ్మరించకండి. నిమ్మడిప్పలు బుట్టెడు వేయకండి, ఒకటీ అరా పరవాలేదు. టార్చిలైటు బ్యాటరీలు, మందుల సీసాలు పొరపాటున కూడా వద్దు. బ్యాటరీల్లో ఉండే లోహాల్లో కొన్ని, ముఖ్యంగా కాడ్మియం, పురుగు ఒంట్లో పేరుకుంటాయి. పురుగును కోడి తింటుంది, కోడిని మనం తింటాం. పిల్లల డైపర్లు వద్దంటే వద్దు. ఈ పురుగులు తిన్నచోట కొన్ని చెడ్డ సూక్ష్మజీవులు బాగా తగ్గుతాయి, నిజమే. కానీ ఏలికపాముల గుడ్లు వీటి వల్ల చావవు.

ఇక మిగిలినదంతా వీటిదే. పాచిపోయిన అన్నం, పప్పు, కూరలు, పళ్ల తొక్కలు, పనస తొనల చుట్టూ ఉండే మెత్తటి పీచు, చేప పేగులు, కుళ్లి మెత్తబడిన వంకాయలు. వానపాములకి ఇవన్నీ పడవు. వండిన తిండి, వేడి పుట్టే కుప్ప వాటికి కష్టం. ఈ షెడ్డులో వర్మీ కంపోస్టు తొట్టెలున్నాయి కదా, వాటిని తీసెయ్యమని నేను అనడం లేదు. ముందు ఈ పురుగు తినాలి, అది వదిలిన పిప్పిని వానపాముకి పెట్టాలి. పెద్దవాళ్లు తిన్నాక పిల్లలకి వడ్డించినట్టు కాకపోయినా, పంక్తి అదీ.

లెక్కకొద్దాం. స్విట్జర్లాండులో ఇవాగ్ అనే నీటి పరిశోధన సంస్థ ఉంది. వాళ్లు ఊళ్లలో చేయదగ్గ పద్ధతి తయారుచేసి, 2017లో పుస్తకంగా వేశారు. అందులో లెక్క ఏమిటంటే, అయిదు రోజుల వయసున్న పిల్లలు పదివేలు ఉంటే 12 రోజుల్లో 15 కేజీల తడి చెత్త తినేస్తాయి. అంటే రోజుకి కేజీంబావు. నలుగురైదుగురుండే మన ఇంట్లో పోగయ్యేది దాదాపు అంతే. పదివేలు అనగానే బెదిరిపోకండి. ఒక్కో ఆడ ఈగ అయిదు వందలు పెడితే అలాంటివి ఇరవై చాలు. ఆ 15 కేజీలకి మీ చేతికి వచ్చేది రెండు కేజీలకు అటూఇటూ పురుగు, కొంత నల్లటి ఎరువు. మిగతాది ఆవిరీ ఊపిరీ అయిపోతుంది.

ఇరవై ఈగలు ఎక్కడ దొరుకుతాయి? ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. మొదట్లో ఫోన్‌లో వీడియో చూసి, డబ్బు కట్టి కొరియర్‌లో విత్తనం పురుగులు తెప్పించాను. ఎవరి దగ్గరో వద్దులెండి. నాలుగు రోజులు దారిలో ఉంది ఆ డబ్బా. విప్పితే సగం పైన చచ్చిపోయి ఉన్నాయి, మిగిలినవి నా వంక నీరసంగా చూశాయి. తర్వాత రావులపాలెం నుంచి వస్తూ బాగా మగ్గిపోయిన అరటిపళ్లు ఒక అత్తం ఊరికే ఇస్తే తెచ్చి, తడిపిన తవుడులో పిసికి, పాత కుడితి గోలెంలోనే వేశాను. కొబ్బరిచెట్ల నీడన పెట్టాను. పైన సగం మూత, మూతకి లోపలివైపు అట్టపెట్టె ముక్కలు నాలుగు కట్టాను. అదే, పక్క నుంచి చూస్తే సన్నసన్న గొట్టాల్లా కన్నాలు కనపడే అట్ట. పదకొండో రోజున ఆ కన్నాల్లో లేత పసుపు రంగులో, గసగసాల ముద్ద అంటించినట్టు గుడ్లు. పైసా ఖర్చు లేదు. అవి మనూళ్లోనే ఉన్నాయండి, మనం పిలవలేదంతే.

మొదటి వారం గోలెంలో తెల్లగా, నున్నగా, ఒక కొస సూదిగా ఉండే చిన్న పురుగులు కనపడితే అవి ఇంటి ఈగవి. కంగారుపడకండి. సిపాయి ఈగ పురుగు బల్లపరుపుగా, గట్టి చర్మంతో, ఒంటినిండా గీతలు గీసినట్టు కణుపులతో ఉంటుంది. ఇవి నిండుగా పట్టుకున్నాక ఇంటి ఈగ అక్కడ గుడ్లు పెట్టడం బాగా తగ్గిపోతుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. శ్రావణమాసం, ముసురు. గోలెం తీసి పెద్ద డ్రమ్ముకి మార్చాను గానీ అడుగున కన్నం పెట్టలేదు. మూత సరిగ్గా పడలేదు. రాత్రంతా వాన. లోపల నీళ్లు చేరి గాలి ఆడకపోతే అవి ఉండవండి, చిన్నా పెద్దా అన్నీ బయటికి నడుస్తాయి. తెల్లారి మా పక్కింటివాళ్లమ్మాయికి పెళ్లిచూపులు. ఆవిడ అయిదింటికే లేచి వసారాలో ముగ్గు పెట్టుకుంది. ఆ ముగ్గు మీద, చుక్క చుక్కకీ ఒకటి చొప్పున... (నవ్వులు) ఇప్పుడు నవ్వొస్తోంది గానీ ఆ వేళ నాకు ముచ్చెమటలు పోశాయి. చీపురు పట్టుకుని నేను, నా వెనకాల మా కోళ్లు. కోళ్లకి ఆ పొద్దున పండగే. సంబంధం కుదిరింది, ఆ సంగతి వేరు. ఆవిడ మాత్రం దసరాదాకా నాతో మాట్లాడలేదు. ఇవాళా పిలిచాను, రాలేదు.

అప్పటి నుంచి నా డ్రమ్ముకి అడుగున పంపు బిరడా ఉంది. కారిన నీళ్లు ఒక సీసాలో పడతాయి, పదింతల నీళ్లు కలిపి మొక్కలకి పోస్తాను. చెత్త వేసిన ప్రతిసారీ దోసెడు కొబ్బరి పొట్టు పైన చల్లుతాను. అంబాజీపేట వైపు పీచు మిల్లుల దగ్గర కొండల్లా పడి ఉంటుంది కదా, ఆ పొట్టు. తడిని స్పాంజిలా పీల్చేస్తుంది. పిడికిట్లో పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, అసలు రాకపోతే పొడి. ఇంక నిన్నటిది తినకుండా ఇవాళ్టిది వేయకండి. వాసన వస్తోందంటే పురుగు తప్పు కాదు, మనం ఎక్కువ వడ్డించాం.

డ్రమ్ము ఎండలో పెట్టకూడదు. రోహిణి కార్తెలో లోపల నలభై దాటితే బతకవు, పారిపోతాయి. ధనుర్మాసంలో మందగిస్తాయి, మేత సగం చేయండి. చీమలు మాత్రం అసలు శత్రువు. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, మనం పంచదార డబ్బాకి చేసినట్టే. గోదావరి లంకల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మీరు పెద్ద డ్రమ్ములు పెట్టకండమ్మా, ఇరవై లీటర్ల రంగు డబ్బాలు రెండు పెట్టుకోండి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకొచ్చి మొదటి హెచ్చరిక ఇవ్వగానే బియ్యం బస్తా అటకెక్కిస్తారు కదా, డబ్బాలూ దాంతోపాటు ఎక్కించేయండి. డ్రమ్ము అయితే మొయ్యలేరు.

ఆ కుర్రాడు ఏదో అడుగుతున్నాడు. గట్టిగా అడుగు నాన్నా. 'దీంతో నెలకి లక్ష సంపాదించొచ్చని వీడియోలో చెప్పారు' అంటున్నాడు. చెప్తాను. ఎండబెట్టిన పురుగులో నలభై శాతం దాకా మాంసకృత్తులు, ముప్ఫై శాతం దాకా కొవ్వు ఉంటాయి, అది నిజం. చేపల మేతలో దీన్ని వాడడానికి యూరప్‌లో 2017లో అనుమతి ఇచ్చారు, అదీ నిజమే. కానీ ఆకివీడు, ఉండి ఊళ్ల వైపు ఒక్కో చేపల చెరువుకి రోజూ మేత బస్తాల్లో పోస్తారు. మన ఇంటి డ్రమ్ము ఇచ్చేది పన్నెండు రోజులకి రెండు కేజీలు. పది కోళ్లున్న ఇంటికి దాణా ఖర్చు కొంత తగ్గుతుంది. సున్నం ఎక్కువ ఉంటుంది కాబట్టి గుడ్డు పెంకుకి మంచిది. అంతకుమించి ఆశ పెట్టుకుని అప్పు చెయ్యకు. దాణా పూర్తిగా మానేసి ఇదే పెట్టడమూ వద్దు. ఆమధ్య పందెం పుంజులు పెంచే ఆయన ఒకాయన వచ్చి, బాదంపప్పు బదులు ఇవి పెడితే పుంజుకి దమ్ము వస్తుందా అని అడిగాడు. నేను బడిపంతులమ్మని నాయనా, బరి సంగతి నాకు తెలియదన్నాను.

పిన్నిగారు అడిగింది బాగుంది. 'పెళ్లి భోజనాల్లో మిగిలింది ఒక్కో రోజు బండెడు ఉంటుంది, మీ డ్రమ్ము ఏం సరిపోతుంది' అని. సరిపోదండి. దానికే ఈ షెడ్డు అడిగింది. సర్పంచిగారు రెండు తొట్టెలు ఇస్తామన్నారు. సాంబారు, పెరుగు వంచేసి, ఆకులు విడిగా తీసి, అన్నం కూరలు మాత్రమే తెస్తే ఈ షెడ్డులో వేద్దాం. ఆకులు ఏరే పని, ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్లే మన గ్రీన్ అంబాసిడర్ల నెత్తిన పెట్టకూడదు. వాళ్లు నలుగురు, మనం నాలుగు వందల గడప. భోజనాల దగ్గరే రెండు డ్రమ్ములు పెట్టించే బాధ్యత వంటవాళ్లది అని ముందే మాట్లాడుకోవాలి. ఇది నేను చెబితే కాదు, పంచాయతీ తీర్మానంలో రావాలి. కాస్త రాసుకోండి సర్పంచిగారూ.

ఎరువు సంగతి మర్చిపోయాను. డ్రమ్ములోంచి తీసిన వెంటనే మొక్కకి వేయకండి, వేడి చేస్తుంది. నెల రోజులు నీడన కుప్ప పోసి ఆరనివ్వండి, లేదా వానపాములకి ఇవ్వండి. తోటకూర, కొత్తిమీర లాంటి పచ్చిగా తెంపుకునే ఆకులకి నేనైతే వేయను. కొబ్బరి పాదుకి, అరటికి వేస్తాను.

అసహ్యమంటారా? ఉంటుంది. మా అత్తగారు మొదటి నెల్లాళ్లు డ్రమ్మున్న వైపు దొడ్డికి రాలేదు. నేను వాదించలేదు. ఒకరోజు పట్టుచీర ఆరేస్తూ 'ఇదీ పురుగు నోట్లోంచి వచ్చిందేగా అత్తయ్యా' అన్నాను. ఆవిడేం మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత కంద చెక్కు చేటలో పట్టుకొచ్చి, డ్రమ్ముకి నాలుగడుగుల దూరంలో నిలబడి, 'మూత తియ్యి, వేస్తాను' అంది. ఇప్పటికీ లోపలికి మాత్రం చూడదు.

పొద్దు వాలుతోంది. చీకటి పడ్డాకే అవి గొట్టం ఎక్కుతాయి, ఓ పావుగంట ఆగితే మీరే చూడొచ్చు. లైటు వెయ్యకండి, వెలుతురు పడితే వెనక్కి దూరిపోతాయి. బకెట్టు అటు జరుపు నాన్నా, గొట్టం మూతి కిందికి సరిగ్గా రావాలి. నిన్న నాలుగు బయట పడ్డాయి.